నలభై గింజలు

ఆర్డిస్ హౌగెన్‌కు అరవై ఎనిమిదేళ్ళు. అందులో నలభై నాలుగేళ్ళు లైల్ హౌగెన్‌తో కాపురం చేసింది. గోధుమ ట్రక్కు నడిపింది, దూడలకు సూదులు వేసింది, చర్చిలో ఎవరు పోయినా ఆ మధ్యాహ్నం భోజనాలకు బంగాళాదుంపల పళ్ళెం పట్టుకెళ్ళింది. తుపాకీ కూడా గురి తప్పకుండా పేలుస్తుంది. తూటా ఎలా తయారవుతుందో మాత్రం ఆమెకు తెలియదు. ఎందుకు తెలియాలి? మంచు పడటం మొదలైతే చాలు, లైల్ వంటింటి పక్కనున్న పాత పాలగదిలోకి దూరి తలుపేసుకునేవాడు. మళ్ళీ వేట రోజులు వచ్చేసరికి ఆమె తుపాకీ పక్కన ఇరవై తూటాల డబ్బా సిద్ధంగా ఉండేది. తన చొక్కాలకు గుండీలు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆయన అడగలేదు, తన తుపాకీకి తూటాలు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆమె అడగలేదు. మా మోంటానా గోధుమ ఊళ్ళలో కాపురాలు చాలావరకు ఇలాగే సాగుతాయి, మొగుడూ పెళ్ళాం మధ్య రోజుకు పది మాటలు నడిచాయంటే ఆ రోజు పండగ కిందే లెక్క.

ఈ ఏడు సెప్టెంబరులో, ఇంకా రెండు చేల కోత మిగిలుండగా, లైల్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పూర్తిగా పోలేదు. పోయినా బాగుండేదని ఆర్డిస్‌కు ఒక్కోసారి అనిపించేది, అలా అనిపించినందుకు తనను తానే తిట్టుకునేది. ఎందుకంటే ఉన్న మాటలన్నీ తలకిందులయ్యాయి. కాఫీ కావాలంటే "చీపురు" అనేవాడు. చీపురు తెచ్చి ముందు పెడితే కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగేవాడు. పెళ్ళాన్ని "పాస్టరుగారూ" అని పిలిచేవాడు. మొదటి వారం ఆమె నవ్వింది, రెండో వారం ఏడ్చింది, ఆ తర్వాత ఏం చెప్పినా "అలాగేలే లైల్" అని దుప్పటి సర్దడం అలవాటు చేసుకుంది.

గ్రేట్ ఫాల్స్ పట్నంలో డాక్టరు ఒక సంగతి చెప్పాడు. మాట పోవడం వేరు, అర్థం పోవడం వేరు. ఈయనకు రెండోది ఎంత మిగిలిందో ఇప్పుడే చెప్పలేం అన్నాడు. ఆ ఒక్క ముక్కే ఆర్డిస్‌ను రాత్రీ పగలూ తొలిచేస్తోంది. లోపల లైల్ ఉన్నాడా, లేడా? ఉంటే, నడుము విరిగినా సరే ఆయనను ఈ ఇంట్లోనే ఉంచుకుంటుంది. లేకపోతే ఎవరికోసం ఈ పాట్లు? కూతురు సోన్యా స్పోకేన్ నుంచి రోజూ ఫోనులో అదే అడుగుతోంది. గ్రేట్ ఫాల్స్‌లో ఇలాంటివాళ్ళను చూసుకునే ఒక ఇంట్లో మంచం ఖాళీ అయింది, సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఆర్డిస్ ఫోను వంటింటి బల్లమీద పెట్టి, గొంతు గదంతా వినపడేలా మీట నొక్కి, చేతులతో రొట్టె పిండి పిసుకుతూ కూతురితో ఈ సంగతులన్నీ మాట్లాడేది. లైల్ చక్రాల కుర్చీలో కిటికీ పక్కనే ఉండేవాడు.

శనివారం జింకల వేట మొదలు. ఆర్డిస్ తూటాల డబ్బా తెరిచి చూస్తే ఖాళీగా ఉంది, కోత అయ్యాక చేద్దామని లైల్ ఈసారి వాయిదా వేసినట్టున్నాడు. ఊళ్ళో తుపాకుల కొట్టుకు ఫోన్ చేస్తే, ఆ సైజు తూటాలు వసంతకాలం నుంచీ రావడం లేదనీ, అంత పాత తుపాకీ ఇంకా వాడుతున్నది ఈ జిల్లాలో ఆమె ఒక్కతేననీ కొట్టువాడు హాస్యమాడాడు. మాంసం తామే పంపిస్తామని ఇరుగుపొరుగు అన్నారు. ఆర్డిస్‌కు పంపించడమే అలవాటు, పుచ్చుకోవడం చేతకాదు. పైగా ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. లైల్‌ను ఆయన సొంత గదిలో, ఆయన సొంత బల్ల ముందు కూర్చోబెట్టి చూస్తే? మనిషి లోపల ఎక్కడైనా ఉంటే అక్కడ బయటపడాలి. అక్కడా పడకపోతే సోమవారం సోన్యాకు సరేనని చెప్పేస్తుంది.

గురువారం పొద్దున్న కాఫీ అయ్యాక, ఆయన కుర్చీని పాలగదిలోకి తోసింది.

"ఇదిగో, నీ రాజ్యం. తూటాలు చేద్దాం. నువ్వు చెప్పు, నేను చేస్తా."

లైల్ గది అంతా కలయజూశాడు. "పాస్టరుగారూ" అన్నాడు.

బల్లమీద ఒక చేతి మర బిగించి ఉంది. అరల్లో సీసాలు, డబ్బాలు, పేల్చేసిన తూటాల ఇత్తడి డొల్లలు. అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు లైల్ రాసుకున్న చిన్న పుస్తకం. అందులో ఆమె తుపాకీ పేరు కింద నాలుగే నాలుగు వరుసలున్నాయి. డొల్లకు నూనె రాసి అచ్చులో నొక్కు. టోపీ పెట్టు. మందు నలభై గ్రెయిన్లు. గుండు బిగించు. అంతే. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆయన మాట్లాడిన తీరే రాతలోనూ ఉంది.

పక్కన అచ్చు పుస్తకం ఒకటి లావుగా ఉంది గానీ, దానిలో పేజీకి వంద అంకెలు. ఆర్డిస్ పది పేజీలు తిరగేసి, గుడ్డెద్దు చేలో పడ్డట్టుందని మూసేసింది. లైల్ రాసిన నాలుగు వరుసలే నమ్ముకుంది. మొదటి డొల్లకు నూనె చాల్లేదు, అచ్చులో ఇరుక్కుంది. దాన్ని ఊడదీయడానికి ముప్పావు గంట, రెండు గోళ్ళు ఖర్చయ్యాయి. లైల్ చూస్తూ కూర్చున్నాడు. రెండో డొల్లకు ధారాళంగా నూనె రాస్తే సజావుగా దిగింది, వెనకనున్న పాత టోపీ టిక్కుమని ఊడి కింద పడింది. కొత్త టోపీ, మందుకు నిప్పంటించేది, చిన్నపిల్లల తుపాకీలో పెట్టే టోపీ లాంటిదే, ఇత్తడి రంగులో, గోరంత, వేలితో తడిమితే సరిగ్గా కూర్చుందో లేదో తెలుస్తుంది. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆరు డొల్లలు అలా సిద్ధం చేసింది.

ఇక మందు. నలభై గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజ. మా వైపు ఆ మాట తెలియని మనిషి ఉండదు. ఇక్కడ పండేదీ గ్రెయినే, అమ్మేదీ గ్రెయినే, వాన పడకపోతే ఏడ్చేదీ గ్రెయిన్ కోసమే. ఆర్డిస్ మందు డబ్బా మూత తీసి చూస్తే లోపల బూడిదరంగులో సన్నటి పలుకులు, నూకల్లాగా విడివిడిగా ఉన్నాయి. ఓహో, గింజలంటే ఇవే అనుకుంది. కొట్లో కొనే డబ్బాలమీద కూడా నూటపదిహేడు గ్రెయిన్లు, నూట ఇరవై గ్రెయిన్లు అని రాసి ఉండటం చూసింది. పాపం ఇవన్నీ ఎవరు లెక్కపెడతారో అని అప్పట్లో అనుకునేది కూడా.

కనుబొమలు పీక్కునే చిన్న పటకారు తెచ్చింది. కళ్ళజోడు ముక్కుమీదికి దించింది. తెల్ల కాగితం మీద ఒక్కొక్క పలుకూ తీసి పెడుతూ నలభై లెక్కపెట్టింది. అవి కలిపి చూస్తే చిటికెడు కూడా లేవు. ఇంత చిటికెడుతో జింక పడుతుందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ మందు కదా, లైల్ వేసుకునే బీపీ మాత్ర ఎంత ఉంటుంది కనుక? పలుకులు డొల్లలో పోసి, మరలో పెట్టి, పైన గుండు బిగించింది. చేతిలో తూటా. చూడటానికి అచ్చం కొట్లోదే. ఆమె పొంగిపోయి దాన్ని లైల్ కళ్ళముందు ఆడించింది.

లైల్ ఎడమచేత్తో తూటా అందుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ముఖం మారింది.

"గోధుమలు" అన్నాడు.

"కోత అయిపోయింది లైల్. పక్కచేనువాళ్ళు మనదీ కోసి పెట్టారు. మర్చిపోయావా?"

"గోధుమలు కాదు" అన్నాడు. "కాదు. గోధుమలు కాదు."

ఆమె అలాగేలే అని రెండో తూటా మొదలుపెట్టింది. తూటా తిరిగి ఇమ్మంటే ఆయన ఇవ్వలేదు. తొడ కింద దాచుకున్నాడు. రెండోది తయారైతే దాన్నీ లాక్కుని తొడ కింద పెట్టుకున్నాడు. అలా ఆరూ. ఆరో దాని దగ్గర ఇద్దరూ చిన్నపిల్లల్లా గుంజుకున్నారు. పక్షవాతం రాని చెయ్యి ఇంకా గోధుమ బస్తా మోసిన చెయ్యే, ఆయనే గెలిచాడు. మూడేళ్ళ పిల్లాడు బిళ్ళలు దాచుకున్నట్టు తూటాలు దాచుకుంటున్న మొగుడిని చూస్తే ఆర్డిస్‌కు పరీక్ష ఫలితం వచ్చేసినట్టే అనిపించింది. అయినా ఆశ చావక, ఏం కావాలో చెప్పమని మళ్ళీ అడిగింది.

లైల్ ఎడమచెయ్యి ఎత్తి గోడవైపు చూపించాడు. "ట్రక్కు. ట్రక్కు ఖాళీ."

గోడమీద క్యాలెండరు ఉంది, ధాన్యం గోదాములవాళ్ళు ఏటా ఇచ్చేది, దానిమీద ట్రక్కు బొమ్మ. ఆమె క్యాలెండరు తీసి ఇచ్చింది. ఆయన దాన్ని విసిరికొట్టాడు. అయితే అసలు ట్రక్కే కావాలేమోనని, కుర్చీని వంటింటి కిటికీ దాకా తోసుకెళ్ళి వాకిట్లో ట్రక్కును చూపించింది. ఇదిగో ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు, ఖాళీగానే ఉంది అని నచ్చజెప్పింది. ఆయన కుర్చీ చేతిని దబదబా బాదాడు. మళ్ళీ పాలగదికి తోసుకొచ్చింది. మళ్ళీ అదే గోడ, అదే వేలు. ఇప్పుడు గోడమీద క్యాలెండరు కూడా లేదు, మేకు ఉంది. ఆ మేకు పైన అర, అరమీద నాలుగైదు డబ్బాలు. ఆ మేకులో ఏముందో ఆర్డిస్‌కు అర్థం కాలేదు.

"గుండర్" అన్నాడు లైల్. "గుండర్‌ని పిలువు."

ఆర్డిస్ స్టూలుమీద కూలబడింది. గుండర్ ధాన్యం గోదాము దగ్గర పనిచేసేవాడు. పోయి పన్నెండేళ్ళయింది. అతని శవపెట్టెను మోసినవాళ్ళలో లైల్ కూడా ఒకడు. చచ్చిపోయినవాళ్ళను పిలవమంటున్నాడంటే ఇంక చూడాల్సిందేముంది? డాక్టరు చెప్పలేనన్నది ఈ పాలగది చెప్పేసింది. ఆమెకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం, చేతికి అందినవాడు లైల్.

"గుండర్ చచ్చిపోయాడు, లైల్. పన్నెండేళ్ళయింది. బతికొచ్చినా ఏం చేస్తాడు వాడు నీకు? ట్రక్కు ఎక్కించు, ఖాళీది ఎక్కించు అని కాటా దగ్గర నిలబడి అరుస్తాడు. జన్మంతా చేసింది అదేగా!"

"అదే" అన్నాడు లైల్.

"ఏది అదే?"

"అదే. గుండర్." ఆయన నుదుట చెమట పట్టింది. "ట్రక్కు ఖాళీ. తర్వాత ట్రక్కు."

ఆర్డిస్ ఏదో తిట్టబోయి ఆగింది. నలభై కోతల్లో ఆ ట్రక్కును కాటా ఎక్కించింది ఆమే. ఖాళీ ట్రక్కు ఒకసారి, నిండు ట్రక్కు ఒకసారి. రెంటికీ తేడా ఎంతో అదీ గోధుమ. గుండర్ కిటికీలోంచి తల బయటపెట్టి కాగితం ఇచ్చేవాడు. గుండర్ అంటే ఇంకేముంది, కాటాయే. ఆమె లైల్ ముఖంలోకి చూసింది.

"తూకమా?" అంది. "తూకం వెయ్యమంటున్నావా?"

లైల్ ఎడమచేత్తో బల్లమీద ఒక్క దెబ్బ వేశాడు. ఇత్తడి డొల్లలు ఎగిరి దొర్లాయి. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది, సగం నోరే నవ్వుతోంది.

ఆమె స్టూలెక్కి, మేకు పైన అరలోంచి ఒక్కొక్క డబ్బానే తీసి చూపించింది. మూడు డబ్బాలకు కాదన్నాడు. నాలుగోది ఆకుపచ్చ చెక్కపెట్టె. తెరిస్తే లోపల మూరెడు కూడా లేని త్రాసు, గుడ్డలో చుట్టి ఉంది. త్రాసు కాడమీద సన్నటి గీతలు, గీతల చివర అచ్చులో ఒకే మాట. గ్రెయిన్లు.

మీ కంసాలి బంగారాన్ని గురిగింజ ఎత్తు, రెండు గురిగింజల ఎత్తు అని తూచినట్టే, మావాళ్ళు ఏనాటి నుంచో ఒక గింజ ఎత్తును కొలతగా పెట్టుకున్నారు. గింజ పోయింది, ఎత్తు మిగిలింది, పేరు మాత్రం గింజగానే ఉండిపోయింది. తుపాకీ మందును ఈ రోజుకీ ఆ ఎత్తుతోనే తూస్తారు. ఆ సంగతి ఇంకెవరికైనా తట్టి ఉండేదేమో గానీ, పుట్టినప్పటి నుంచీ ధాన్యం మధ్యనే బతికిన మనిషికి తట్టకపోవడంలో వింతేమీ లేదు. గింజ అంటే గింజ కాదని ఆమెకు చెప్పడం, నీళ్ళంటే నీళ్ళు కావని చేపకు చెప్పడమే.

ఖాళీ గిన్నె పెట్టి కాడను సున్నా దగ్గర నిలబెట్టింది. లైల్ తలాడించాడు. కాడను నలభై దగ్గర సర్ది, చెంచాతో మందు పోయడం మొదలుపెట్టింది. ఒక చెంచా. కాడ కదల్లేదు. ఇంకో చెంచా. అయిదో చెంచాకు గాని అది గాలిలో తేలి నిలవలేదు. గిన్నెలో కుప్ప చూసింది. డొల్లలో పోస్తే మెడదాకా నిండింది. తాను పోసింది నలభై పలుకులు.

ఆర్డిస్ చెంచా కింద పెట్టేసింది. తుపాకీ పట్టినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మందు చాలకపోతే గుండు బయటికి రాదు, గొట్టంలోనే ఇరుక్కుంటుంది. పేలలేదనుకుని ఇంకోటి పెట్టి మీట నొక్కితే గొట్టం చీలి చెంపలోకి వస్తుంది. శనివారం పొద్దున్న, మంచులో, మైలు దూరంలో మనిషి లేని చోట ఆమె చేయబోయింది సరిగ్గా అదే. ఆరు తూటాలు. ఆ ఆరూ ఈ మనిషి తన తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె చెయ్యి చాచింది. లైల్ ఒక్కొక్కటే తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆరోది పెట్టాక ఆమె వేళ్ళు మూసి పట్టుకున్నాడు.

ఉన్నాడు. లోపల మొత్తం ఉన్నాడు. ఆర్డిస్‌కు ఎంత సంతోషం కలిగిందంటే, స్టూలుమీద కూర్చుని పైకే నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఇంకొకటి తట్టి నోరు మూతపడింది. ఉన్నాడంటే, ఎప్పటినుంచి ఉన్నాడు? ఇవాళ పొద్దున్న వచ్చినవాడు కాదుగా. ఆరు వారాలు కిటికీ పక్కన కూర్చున్నవాడూ ఈయనే. ఆరు వారాలు ఆమె పిండి పిసుకుతూ, ఈయన ముందే, ఈయనకు ఏమీ తెలియదనీ, పక్క తడుపుతాడనీ, నా వల్ల కావడం లేదనీ ఫోనులో చెప్పింది. సోన్యా గొంతు గదంతా వినిపించింది. ఏ పూటా ఆమె గొంతు తగ్గించలేదు. ఇంట్లో కుర్చీ ముందు గొంతు తగ్గించుకునేవాళ్ళు ఎవరుంటారు?

అడగాలని లేదు, అడగకుండా ఉండలేకపోయింది.

"లైల్. మేం మాట్లాడుకున్నవి వింటూనే ఉన్నావా?"

ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. ఆమె ఆ పెదవులను తొందరపెట్టలేదు, దుప్పటి సర్దలేదు, అలాగేలే అనలేదు. ఏ చీపురో, ఏ పాస్టరో వస్తాడని ఎదురుచూసింది.

"సోమవారం" అన్నాడు లైల్.

ఇన్నాళ్ళలో ఆయన నోట తప్పు లేకుండా వచ్చిన పేరు అదొక్కటే.

వెళ్ళనంటున్నాడా? వెళ్తానంటున్నాడా? ఆమె నడుము చూసి జాలిపడి తానే వెళ్ళిపోతానంటున్నాడా? ముఖం చూసి చెప్పగలనని నలభై నాలుగేళ్ళు అనుకుంది, ఇప్పుడు చూస్తే ఏమీ తెలియలేదు. ఆర్డిస్ లేచి వంటింట్లోంచి ఫోను తెచ్చింది. సోన్యా ఎత్తగానే, ఏం నిర్ణయించావమ్మా, వాళ్ళకు ఏం చెప్పమంటావు అని మొదలుపెట్టింది.

"నాకు తెలీదు. మీ నాన్నను అడుగు."

సోన్యా, అమ్మా, నాన్న ఎలా చెప్తాడమ్మా, నువ్వు బాగానే ఉన్నావా అంది.

"చెప్తాడు. గోధుమలంటాడు, ట్రక్కంటాడు, చచ్చినవాళ్ళ పేర్లు చెప్తాడు. పెట్టెయ్యకు. ఎంతసేపైనా సరే, పెట్టెయ్యకుండా విను" అని చెప్పి, ఆర్డిస్ ఫోను లైల్ ఎడమచెవి దగ్గర పట్టుకుంది.